2,14,000 కిలోమీటర్ల తర్వాత మా పాత డీజిల్ బండి

కోనసీమ అంబాజీపేటలో మాది కొబ్బరి వ్యాపారం. 2012లో కొన్న డీజిల్ కారు ఇంకా మా వాకిట్లోనే ఉంది. మీటరు ఈ మధ్యే 2,14,000 దాటింది. ఇంజన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, కామన్ రైల్ (అన్ని సిలిండర్లకీ ఒకే గొట్టం నుంచి గట్టి ప్రెషర్‌తో డీజిల్ అందే పద్ధతి), 75 గుర్రాల బలం. ఇదే ఇంజన్ అప్పట్లో మూడు నాలుగు కంపెనీల కార్లలో వచ్చింది కాబట్టి బండి పేరుతో పనిలేదు. నేను రాసేది ఇంజన్ గురించి, దాన్ని మన కాలవ గట్ల మీద బతికించుకోవడం గురించి.

ఇన్నేళ్లలో పిస్టన్లు, బోరు, క్రాంకు ఎవరూ ముట్టుకోలేదు. హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, ఒక్కసారి దింపాం, ఆ పాపం ఇంజన్‌ది కాదు. ఆ సంగతి కింద చెప్తాను.

మా తిరుగుడంతా అమలాపురం, పి.గన్నవరం, రాజోలు, మహా అయితే చించినాడ వంతెన దాటి పాలకొల్లు. ఓ పక్క కాలవ, ఎదురుగా కాయల ట్రాక్టరు. మూడో గేరు పడితే ఆ పూట అదృష్టం. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఊరొచ్చేస్తుంది, ఆపేస్తాం. డీజిల్‌కి ఇంతకంటే చేటు లేదని నాకు 92,000 దగ్గర తెలిసింది. బండి లాగడం మానేసింది. గట్టు ఎక్కాలంటే రెండో గేరు, వెనకాల నల్లపొగ. ఒక షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "టర్బో పోయిందండి, కొత్తది వేసేయాలి" అన్నారు. ఇంజన్‌లోకి గాలి నెట్టే పంకా అది. చెప్పిన రేటుకి మా ఆవిడ ఆ రోజు కాఫీ కూడా ఇవ్వలేదు.

అమలాపురంలో ఇంకో మేస్త్రి ఉన్నాడని మా బావ తీసుకెళ్లాడు. ఆయన ముందు స్కానర్ పెట్టాడు, తర్వాత రబ్బరు గొట్టాలన్నీ చేత్తో తడిమాడు, ఆఖర్న ఈజీఆర్ వాల్వు విప్పాడు. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపి మంట వేడి తగ్గించే వాల్వు అది. ఆ మసికి ఇంజన్ లోంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి తారులా గడ్డకట్టింది. గాలి వెళ్లే దారిలో బొటనవేలు పట్టేంత సందే మిగిలింది. "టర్బోకేం కాలేదండి, ఊపిరాడట్లేదంతే. వారానికోసారి హైవే ఎక్కించండి, ఆయ్" అన్నాడు. గాలి గొట్టాల మేనిఫోల్డ్ దింపి కడిగిచ్చాడు. సాయంత్రానికి బండి కొత్త పెళ్లికొడుకులా ఉంది. అప్పట్నుంచి ఆదివారం రావులపాలెం మీదుగా గౌతమి వంతెన దాటి రాజమండ్రి దాకా, ఇంజన్ చుట్లు చూపే ముల్లు (ఆర్‌పీఎం) రెండున్నర వేల పైన ఉంచి తోలుకొస్తాను. మళ్లీ 1,70,000 దగ్గర విప్పించినప్పుడు మసి ఉంది గానీ ముందులా పేరుకోలేదు. ఆ వాల్వుకి రేకు అడ్డం పెట్టి మూసేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజన్ లైటు వెలుగుతుంది, పొగ పరీక్షలో ఇబ్బందొస్తుంది. నేను వినలేదు.

ఆయిల్ సంగతికొస్తే, కంపెనీ 10,000కి మార్చమంది, నేను 7,500కే మారుస్తాను. పట్టేదే మూడు లీటర్ల చిల్లర. దీనికి బెల్టు కాదు, టైమింగ్ చైన్. చైన్ కదా, జీవితాంతం ఉంటుందని అందరూ నమ్ముతారు. ఆ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషరే. ఆయిల్ అరిగితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. మా పక్కింటాయన బండి అలాగే మోగేది, ఆయన పాటలు పెట్టుకునేవాడు. చివరికి చైన్ సెట్టు మొత్తం వేయించాల్సి వచ్చింది.

డీజిల్ ఫిల్టర్ కింద చిన్న మర ఉంటుంది, వదులు చేస్తే చేరిన నీళ్లు దిగిపోతాయి. మన దగ్గర గాల్లో తడి ఎక్కువ, సగం ఖాళీ టాంకులో చెమ్మ పడుతుంది. వానాకాలంలో నెలకోసారి చూస్తాను. ఒకసారి చాయ్ గ్లాసుడు నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దాకా వెళ్లుంటే ఆ ఏడు కాయల లాభం అక్కడే అయిపోయేది.

అసలు కథ ఇంజెక్టర్లదే. పాత పంపు బండ్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రులకి ఒక అలవాటుంది: ఇంజన్ నడుస్తుండగా ఒక్కో పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పని చేయట్లేదో చూస్తారు. ఆ బండ్లలో అది చెల్లింది. కామన్ రైల్‌లో ప్రెషర్ వెయ్యి బార్ల పైదాకా పోతుంది. మన టైర్లో ఉండేది రెండు బార్ల చిల్లర. సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. నా బండి మీద ఒకతను పానా పెట్టబోతే గట్టిగా అరిచి ఆపాను. సరైన పద్ధతి రిటర్న్ పరీక్ష: నాలుగు ఇంజెక్టర్ల వెనక్కొచ్చే డీజిల్‌ని నాలుగు సీసాల్లోకి పట్టి, ఏది తొందరగా నిండుతుందో చూడటం. తొందరగా నిండిందే అరిగినట్టు. నాకు మూడో నంబరు అరిగింది. నాలుగూ మార్చమన్నవాళ్లున్నారు, పంపు షాపులో పరీక్ష చేయించి ఒక్కటే మార్చాను. రెండో నంబరు దగ్గర మాత్రం ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్ తినేసి, చఫ్ చఫ్‌మని చప్పుడు, చుట్టూ నల్ల జిగురు. వాషర్ ఖరీదు ఓ పూట టిఫిన్ డబ్బులే. పట్టించుకోకపోతే ఇంజెక్టర్ హెడ్డులో అతుక్కుపోతుంది.

హెడ్డు దింపిన కథ గ్లో ప్లగ్గుది. చలిలో స్టార్ట్ అయ్యేలా సిలిండర్ లోపల వేడి చేసేది అది. మన ఎండలకి అది పెద్దగా అవసరమే లేదు. అయినా లైటు వచ్చిందని, చల్లటి ఇంజన్ మీద బలంగా తిప్పి విరగ్గొట్టాడొకాయన. ముక్క లోపలే ఉండిపోయింది. ఇంజన్ వేడి మీద, ముందు రోజు తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టి, ఓపిగ్గా తిప్పాలని తర్వాత తెలిసింది.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బండి గోదావరి లంకలో అత్తగారింట ఉంది. నీళ్లు సీటు దాకా వచ్చాయి. స్టార్ట్ చేసి బయటికి తెచ్చేద్దామన్నాడు మా బావమరిది. తాళం లాక్కున్నాను. డీజిల్‌లో పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య సందు బహు తక్కువ, అందులోకి పోయిన నీరు నలగదు, పిస్టన్ రాడ్డు వంగుతుంది. నీరు తీశాక ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాం. ఇంజెక్టర్లు తీసి ఇంజన్‌ని చేత్తో తిప్పి, ఆయిల్, ఫిల్టర్లు మార్చాక గానీ తాళం పెట్టలేదు. వైరింగ్ కనెక్టర్లలో పట్టిన పచ్చ తుప్పు మాత్రం ఏడాదంతా వేధించింది.

మైలేజీ హైవేలో 20, గట్ల మీద 15. ఢిల్లీ వైపు పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకి నిషేధం పెట్టాక అక్కణ్ణుంచి చవగ్గా ఇటు వచ్చాయి, అలాంటివి కొనమంటారా అని అడుగుతుంటారు. రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాళ్లు కొనొద్దు, పెట్రోలు చాలు. నెలకి రెండు వేలు పైగా తిరుగుతారా, రిటర్న్ పరీక్ష చేయించి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చెవి పెట్టి విని కొనండి.

నా బండి రెండో ఇంజెక్టర్ మళ్లీ సన్నగా చఫ్‌మంటోంది. సంక్రాంతికి అల్లుడూ అమ్మాయీ వచ్చేలోపు విప్పించాలి, వాషర్లు కొనుక్కొచ్చి బీరువా మీద పెట్టాను.