అలెగ్జాండర్ 3, రాబర్ట్ బ్రూస్: ఎవరి వంశం నిలిచింది?

ఇద్దరూ స్కాట్లాండ్ రాజులే. మామూలు జనానికి నచ్చే కాలం అలెగ్జాండర్‌దే (1249–1286). ఏడేళ్లకే కిరీటం, పదేళ్లకే ఇంగ్లండ్ రాజు కూతురితో పెళ్లి. 1266లో పడమటి దీవుల కోసం నార్వేకి 4,000 మార్కులతో (అప్పటి డబ్బు లెక్క) పాటు ఏటా ఇంకో వంద ఇస్తానని ఒప్పుకున్నాడు. యుద్ధం కంటే చవకే!

రాబర్ట్ బ్రూస్‌ది (1306–1329) అంతా టెన్షనే. డంఫ్రీస్ చర్చిలో ప్రత్యర్థి జాన్ కామిన్‌ని పొడిచి, రెండు నెలలు తిరక్కుండానే రాజయ్యాడు. ముగ్గురు తమ్ముళ్లను ఇంగ్లిష్‌వాళ్లు చంపేశారు. తోబుట్టువు మేరీని రాక్స్‌బర్గ్ కోటలో బోనులో పెట్టారు. భార్య ఎలిజబెత్ ఎనిమిదేళ్లు బందీ.

వారసుల దగ్గర కథ తిరగబడింది. అలెగ్జాండర్ పిల్లలు ముగ్గురూ 1281–84 మధ్య పోయారు. మళ్లీ పెళ్లాడాడు. 1286 మార్చిలో, తుఫాను రాత్రి, వద్దన్నా వినకుండా ఫోర్త్ అనే సముద్రపు పాయ దాటి కొత్త భార్య యోలాండ్ ఉన్న కింగ్‌హార్న్‌కి గుర్రమెక్కాడు. తెల్లారి సముద్రపు ఒడ్డున శవం దొరికింది. మిగిలిన మనవరాలు కూడా 1290లో ఆర్క్‌నీ దీవుల్లో చనిపోయింది.

బ్రూస్ భార్య 1314లో బానక్‌బర్న్ దగ్గర ఇంగ్లిష్‌వాళ్ల మీద గెలుపు తర్వాత తిరిగొచ్చింది. 1324లో డేవిడ్ పుట్టాడు. డేవిడ్‌కి పిల్లల్లేరు గానీ, బ్రూస్ మొదటి భార్య కూతురు మార్జొరీ కొడుకు 1371లో రాజయ్యాడు. స్టువర్ట్ వంశం అతనితోనే మొదలు.