దుకాణం పద్దులు ఎవరి చేతిలో పెట్టాలి?

గాజువాకలో మాది సిమెంటు, పైపులు, శానిటరీ సామాను అమ్మే దుకాణం. నాన్న హయాంలో ఒక గుమస్తా గారు రోజూ రాత్రి ఏడింటికి వచ్చి, గల్లాపెట్టె పక్కన కూర్చుని చిట్టా (రోజువారీ లెక్క) రాసి, అందులోంచి ఆవర్జాకు (ఖాతాల పుస్తకానికి) ఎక్కించి వెళ్లేవారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు షట్టరు ఊడిపోయి ఆ పుస్తకాలన్నీ తడిసిపోయాయి. నాన్న డాబా మీద ఒక్కొక్క పేజీ విప్పి ఎండబెట్టారు. సిరా కారిపోయి ఎవరి బాకీ ఎంతో సగం తెలియలేదు. ఆ రోజు నుంచి లెక్కలంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ పాత పద్ధతి ఎలాగూ సాగలేదు. ఈ ఎనిమిదేళ్లలో పద్దులు ఆడిటర్ ఆఫీసుకు అప్పగించి చూశాను, ఫుల్‌టైం అకౌంటెంట్‌ను పెట్టుకుని చూశాను, ఇప్పుడు వారానికి రెండుసార్లు వచ్చే అకౌంటెంట్‌తో నడుపుతున్నాను. కొత్తగా షాపు పెట్టిన కుర్రాళ్లు ఏది మేలని తరచూ అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

మొదట ఆడిటర్ ఆఫీసు సంగతి. నెలకు ఇంత అని మాట్లాడుకుంటాం, బిల్లులన్నీ కవర్లో పెట్టి పంపుతాం, వాళ్లే టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి రిటర్నులు వేస్తారు. అన్నిటికంటే చవక ఇదే. తల నొప్పి కూడా ఉండదనిపిస్తుంది. కానీ ఆ ఆఫీసులో మన కవరు ఒక్కటే ఉండదు కదా. అమ్మకాలు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1 కు గడువు నెలనెలా 11, పన్ను కట్టే 3బీ కి 20. ఊళ్లో వ్యాపారులందరి కవర్లూ ఆ తేదీలకు ముందే వచ్చి పడతాయి. మన బిల్లులు 18నో 19నో రాత్రి కూర్చుని ఎక్కిస్తారు. ఆ హడావిడిలో అంకెలు ఎక్కుతాయి గానీ, ఈ బిల్లు ఎందుకు ఇలా ఉంది అని ఆలోచించే టైం ఎవరికీ ఉండదు. వాళ్లది తప్పని నేను అనను. సరుకు దిగినప్పుడు అక్కడ లేని మనిషి, బిల్లులో తేడా ఎలా కనిపెడతాడు?

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. 2022 ఆగస్టులో పైపులు కొన్నాం, లక్షా 18 వేల బిల్లు, అందులో 18 వేలు పన్ను. అమ్మినవాళ్లు మా జీఎస్టీ నంబరు వేయకుండా మామూలు కస్టమర్ కింద అప్‌లోడ్ చేశారు. అలా చేస్తే ఆ బిల్లు మన 2బీ జాబితాలో (అమ్మినవాళ్లు మన నంబరు మీద చూపిన బిల్లుల పట్టీలో) కనబడదు, కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ మనకు రాదు. ప్రతి నెలా 14న వచ్చే ఆ జాబితాను మన పర్చేజ్ బిల్లులతో పోల్చి ఉంటే రెండో నెలకే దొరికేది. ఎవరూ పోల్చలేదు. టర్నోవర్ 2 కోట్లు దాటడంతో యాన్యువల్ రిటర్న్ వేయాల్సి వచ్చి, 2023 డిసెంబర్‌లో కూర్చున్నప్పుడు బయటపడింది. 2022-23 ఏడాది క్రెడిట్ తీసుకోవడానికి ఆఖరి తేదీ 2023 నవంబర్ 30. అప్పటికే దాటిపోయింది. 18 వేలు చేతిలోంచి పోయాయి. నెలనెలా ఆఫీసు ఫీజులో ఆదా చేశాననుకున్నది ఆ ఒక్క బిల్లుతో సరి.

ఆ కోపంలో ఫుల్‌టైం మనిషిని పెట్టుకున్నాను. మంచి పనివాడే. టాలీ మీద చెయ్యి తిరిగినవాడు. కానీ మా రాబడికి ఆ జీతం మోయలేని బరువైంది. జీతం ఇస్తున్నాం కదా అని మేమూ ఊరుకోలేదు. కౌంటర్లో రద్దీగా ఉంటే బిల్లు కొట్టమన్నాం, లోడు వస్తే లెక్క పెట్టమన్నాం, బ్యాంకులో డబ్బు కట్టి రమ్మన్నాం. పద్దులు మళ్లీ నెలాఖరుకే చేరాయి. దానికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. డబ్బు తీసుకునేదీ, లెక్క రాసేదీ ఒకే మనిషి కాకూడదు. ఆయన మీద నాకు అనుమానం లేదు, కానీ ఏదైనా తేడా వస్తే ఆయన నిర్దోషి అని చూపడానికి కూడా దారి లేకుండా చేశాం. ఆయన మానేసి వెళ్లాక తెలిసింది, జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్టరైన ఫోన్ నంబరు ఆయనది. ప్రతి ఓటీపీకీ ఆయనకు ఫోన్ చేసి బతిమాలుకోవాల్సి వచ్చింది. పాపం చెప్పేవాడు, కానీ ఆ టెన్షన్ మాకెందుకు?

రెండు మూడు గోదాములు ఉండి, రోజూ 50 వేలు దాటిన లోడ్లు వెళ్లి ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రాలు) తీయాల్సినవాళ్లకు, పదిమంది పనివాళ్లై ఈఎస్ఐ కట్టాల్సినవాళ్లకు ఫుల్‌టైం మనిషే దిక్కు. ఆటోనగర్‌లో అలాంటి యూనిట్లు బోలెడు. మాలాంటి ఒక్క షట్టరు దుకాణానికి ఎక్కువే.

సొంతంగా ఫోన్‌లో యాప్ పెట్టుకుని రాసుకోవడం కూడా ఉంది. మా బావమరిదికి మద్దిలపాలెంలో కిరాణా కొట్టు, చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీములో ఉన్నాడు. కోటిన్నర లోపు టర్నోవర్, ఒక్క శాతం పన్ను, మూడు నెలలకోసారి 18వ తేదీలోపు సీఎంపీ-08 అనే ఫారం. ఇన్‌పుట్ క్రెడిట్ లేదు కాబట్టి పోల్చే బాధే లేదు. అతనికి అది చాలు. మాకు చాలదు.

ఇక ఇప్పుడు నడుస్తున్నది. కూర్మన్నపాలెం నుంచి ఒక అమ్మాయి మంగళ, శుక్రవారాల్లో వస్తుంది, పది నుంచి ఒంటిగంట దాకా. ఇంకో నాలుగు షాపులూ చూస్తుంది. ఫుల్‌టైం జీతంలో మూడో వంతు ఇస్తున్నాం. రిటర్నులు చూసేదీ, ఏడాదికోసారి ఆడిట్ చేసేదీ ఆడిటర్ గారే. టాక్స్ ఆడిట్ మీద సంతకం సీఏ తప్ప ఇంకెవరూ పెట్టలేరు కాబట్టి ఆయన ఎలాగూ కావాలి.

ఈ అమ్మాయి పని ఎలా చేస్తుందో ఒకసారి చూశాక ఇక నాకు సందేహం మిగల్లేదు. వచ్చీ రాగానే బిల్లులు కౌంటర్ మీద పరుస్తుంది. చేతిలో పెన్సిలు. ప్రతి బిల్లు మీద ముందు చూసేది మొత్తం కాదు, మన జీఎస్టీ నంబరు. ఒక శుక్రవారం ఒక బిల్లు పక్కకు తీసింది.

"అన్నయ్యా, ఇది మన బిల్లు కాదు."

"మన సరుకే కదమ్మా, మొన్ననే దింపించాను."

"సరుకు మనదే. ముందు 37 మన రాష్ట్రానిదే. కానీ తర్వాత పది అక్షరాలూ పాన్ నంబరు, అది మనది కాదు చూడండి."

నిజమే. ఇదే రోడ్డులో ఇంచుమించు మా పేరుతోనే ఉన్న ఇంకో షాపు నంబరు పడింది. అక్కడికక్కడే డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేశాం. వాళ్లు ఇంకా రిటర్న్ వేయలేదు, మార్చి పంపారు. రెండు నిమిషాల పని. పని చిన్నదే, కానీ సరుకు దింపించిన సంగతి ఇంకా నాకు గుర్తుండగా, మనిషి నా ఎదురుగా ఉండి అడిగింది కాబట్టే అయింది.

2025 సెప్టెంబర్ 22న సిమెంటు మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. ముందు రోజు ఆదివారం. సాయంత్రం తనే ఫోన్ చేసి వచ్చి, సాఫ్ట్‌వేర్‌లో సిమెంటు ఐటెమ్‌లకు రేటు మార్చి, పాత స్టాకు ఎన్ని బస్తాలో రాసి వెళ్లింది. సోమవారం ఉదయం మొదటి బిల్లే కొత్త రేటుతో వెళ్లింది.

ఇందులోనూ ఇబ్బంది లేకపోలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే రాదు. బుధవారం ఏదైనా అవసరమైతే శుక్రవారం దాకా ఆగాలి. పండగ సీజన్లో వారానికి మూడు రోజులు రమ్మంటే మిగతా షాపుల వాళ్లు ఒప్పుకోరు.

మీ అమ్మకాలు కోటీ రెండు కోట్ల దగ్గర ఉంటే, పన్ను క్రెడిట్ తీసుకునే వ్యాపారమైతే, నేను చెప్పేది ఇదే: పార్ట్‌టైం మనిషి షాపుకే రావాలి, ఆడిటర్ విడిగా ఉండాలి. ఎవరిని పెట్టుకున్నా పోర్టల్ పాస్‌వర్డు, ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి. టాలీ బ్యాకప్ వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లండి. నేను మా బీరువాలో పెడతాను, తడవని చోట.

వచ్చే ఏడాది అనకాపల్లిలో గోదాము తెరవాలని ఉంది. అప్పుడు రోజంతా ఉండే మనిషి కావాలి. ఆ మాటే మొన్న ఆ అమ్మాయితో అన్నాను. "పాప ఐదో క్లాసుకు వచ్చాక చూద్దాం అన్నయ్యా" అంది, పెన్సిలుతో ఇంకో బిల్లు మీద టిక్ పెడుతూ.