దొడ్డి ఉన్న ఇంటికి ఏది మేలు: కుక్కా, పిల్లా, రెండూ వద్దా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగిళ్లలో ఇప్పటికీ ఇంటి వెనక అంతో ఇంతో దొడ్డి మిగిలి ఉంది. బావి పక్కన అరటి, గోడవార కరివేపాకు, పందిరి మీద ఆనప, ఓ జామచెట్టు. అందులో మనం పెంచనివే ఎక్కువ బతుకుతాయి: ఉడుతలు, తొండలు, గోదురుకప్పలు, తేనెపిట్టలు, చెముడుకాకి, ముంగిసలు, అప్పుడప్పుడు ఓ జెర్రిపోతు. కాబట్టి పెళ్లయి వేరుకాపురం పెట్టినవాళ్లు "ఇంట్లో ఏదైనా పెంచుకుందాం" అనుకుంటే, అది ఒక్క ఇష్టాయిష్టాలతో తేలే విషయం కాదు. వచ్చే ప్రాణి దొడ్డిలో ఎవరి గూటి మీద పడుతుంది, తెల్లారి లేచి దాని పని ఎవరు చేస్తారు, ఈ రెండూ చూసుకోవాలి.

గుణుపురంలో మా పుట్టింట పిల్లులెప్పుడూ ఉండేవి. పర్లాకిమిడిలో మా అత్తవారింట కుక్క. రెండిటితోనూ బతికిన మీదట నా మాట ముందే చెప్పేస్తాను: దొడ్డి ఉన్న ఇంటికి నాటుకుక్కే మేలు. పిల్లిని తెచ్చుకోవద్దనను గానీ, దాన్ని చీకటి పడ్డాక బయటికి వదలనని మాట ఇవ్వగలిగినవాళ్లే తెచ్చుకోవాలి.

పిల్లిని కోరేవాళ్లకు పెద్ద కారణం ఎలుకలు. ఊరి నుంచి ఏడాది బియ్యం ఒకేసారి వచ్చే ఇళ్లలో ఆ బెంగ ఎలాంటిదో నాకు తెలుసు. చుంచుల విషయంలో పిల్లి నిజంగానే పనికొస్తుంది. దాని వాసన తగిలితేనే అవి ఆ గదిలో తిరగడం తగ్గిస్తాయి. కానీ మన దొడ్లలో అరటి దుంపలు తవ్వేసేది, గోడ కింద బొరియలు పెట్టేది పందికొక్కు. బాగా ఎదిగిన పందికొక్కు ఎదురు తిరిగితే చాలా పిల్లులు వెనక్కి తగ్గుతాయి. చుంచుల కోసం పిల్లి సరే, పందికొక్కు కోసం తెచ్చుకుంటే మాత్రం నిరాశే.

అసలు చిక్కు వేరే ఉంది. పిల్లి ఆకలితోనే వేటాడదు. కడుపునిండా చేపలన్నం పెట్టినా కదిలేదాన్ని చూస్తే దాని ఒళ్లు ఆగదు. మందారంలోనో నిమ్మలోనో దర్జీపిట్ట రెండు ఆకుల అంచులు చేర్చి, పీచుతో కుట్టి, లోపల దూదితో మెత్త చేసి గూడు కడుతుంది. ఆ గూడు మనిషి నడుము ఎత్తులో కూడా ఉంటుంది. పిల్లి మొదటిరోజు దాన్ని చూడదు. పిల్లలు పుట్టి, తల్లిపిట్ట పురుగులు పట్టుకుని గంటకు ఎన్నోసార్లు రాకపోకలు మొదలుపెట్టాక చూస్తుంది. కుండీ వెనక పొట్ట నేలకానించి పడుకుంటుంది, చెవులు ముందుకు, తోక కొస మాత్రం కదులుతుంటుంది. వెనక కాళ్లు రెండుసార్లు అటూ ఇటూ సర్దుకుంది అంటే దూకబోతోందన్నమాట. మనం అరిచేసరికి ఆకు చిరిగిపోయి ఉంటుంది. తినను కూడా తినదు, తెచ్చి వంటింటి గడప దగ్గర పడేస్తుంది. పిల్లికి చెలగాటం అన్నమాట ఎలుక విషయంలో ఎంత నిజమో ఈ పిట్టల విషయంలోనూ అంతే.

మెడకు గంట కడితే కొంత తగ్గుతుంది. ఎగరగలిగిన పెద్ద పిట్టలు తప్పించుకుంటాయి. గూట్లోంచి అప్పుడే దిగిన పిల్లపిట్టకు గంట వినపడినా ఎటు పోవాలో తెలియదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో ఎన్ని పెద్ద చెట్లు కూలాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పెద్ద చెట్టు పోయిన దొడ్లో పిట్టలకు మిగిలేది పొదలూ పందిళ్లే, అంటే పిల్లికి అందే ఎత్తు. అందుకే ఈ విషయంలో నేను అంత గట్టిగా మాట్లాడతాను.

పిల్లిని పెంచేవాళ్లు తిండి సంగతి కూడా తెలుసుకోవాలి. అది మాంసాహారి. పాలన్నం, పెరుగన్నంతో నెట్టుకొస్తే టారిన్ అనే పోషకం అందక చూపు, గుండె దెబ్బతింటాయి. పైగా పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు అరగవు. నీచు వండని ఇంట్లో పిల్లి బయట వేటాడుకుని బతకాల్సిందే, అంటే దొడ్డే దాని వంటిల్లవుతుంది. అలాంటి ఇళ్లకు పిల్లి వద్దే వద్దు. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్ ముక్క వెయ్యకండి, పిల్లికి అది విషం.

ఇంకొకటి. మెత్తటి మట్టి కనిపిస్తే పిల్లి అక్కడే తవ్వి మలం కప్పెడుతుంది, అంటే మీ పాలకూర మడిలో. దాంట్లో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే వీలుంది, కడుపులో బిడ్డకు ప్రమాదం. ఇంట్లో ఇసుకపెట్టె పెట్టి ప్రతిరోజూ తీసేస్తే ఆ భయం చాలావరకు పోతుంది, ఎందుకంటే అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజైనా పడుతుంది. భార్య కడుపుతో ఉన్న ఇంట్లో ఆ పెట్టె శుభ్రం చేసే పని భర్తదే. ఈ ఒక్క పనికి ఆయన ఒప్పుకోకపోతే పిల్లి మాట అక్కడితో ఆపేయండి.

కుక్క సంగతికి వస్తే, మా ఆయన దాన్ని కోరింది కోతుల కోసం. కోతుల గుంపు దిగిందంటే జామకాయ పిందె దశలోనే పోతుంది, ఆనప పందిరి విరుగుతుంది. కుక్క మొరుగుతుంటే అవి చాలావరకు గోడ మీదే ఆగుతాయి. "తెల్లారి దీన్ని బయటికి తీసుకెళ్లేదెవరండీ?" అని నేనడిగితే, "ముందు లేచేది నువ్వే కదా" అన్నారు. అక్కడే అసలు చర్చ మొదలైంది. చివరికి పొద్దుట నడక ఆయనది, తిండి నాది, మందులూ టీకాలూ ఇద్దరివీ అని తేల్చుకున్నాకే కుక్కపిల్ల వచ్చింది. కుక్కతో వచ్చే తగువులు నేను చూసినంతలో దాని వల్ల వచ్చేవి కావు, ఈ పంపకం చేసుకోకపోవడం వల్ల వచ్చేవి. పిల్లికి నడక అక్కర్లేదు, పెళ్లికి శ్రీకాకుళమో బరంపురమో వెళ్లినా పక్కింటివాళ్లు పొద్దుటా సాయంత్రం తిండీ నీళ్లూ పెడితే చాలు. కుక్క అలా కాదు, మనిషి కావాలి. ఉద్యోగాలకు ఇద్దరూ పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వచ్చే ఇంటికి ఈ లెక్క కుక్కకు ఎదురే.

నాటుకుక్క అని ఎందుకంటున్నానంటే, మన ఎండకూ వానకూ అది పుట్టుకతోనే అలవాటు పడింది. అన్నం, గుడ్డు, ముల్లు తీసిన చేప, ఉడికించిన గుమ్మడి దానికి సరిపోతాయి. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు, ఉడికిన కోడి ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి. వానలు పడ్డాక గోమార్లు పడతాయి, చెవుల్లో, కాలివేళ్ల మధ్య రోజూ చూడాలి. వాటి వల్ల కుక్కకు తీవ్రమైన జ్వరం వస్తుంది. రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన బూస్టరు, ఆపై ఏటా. పిల్లికీ ఇదే వర్తిస్తుంది, అది కరిచినా రేబిస్ రావచ్చు. ఏది కరిచినా, గీరినా ముందు సబ్బూ నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

దొడ్డి జీవాలకు కుక్క వల్ల ముప్పు లేదని కాదు. ఉడుతను తరుముతుంది, ఉడుము కనిపిస్తే వదలదు, ముంగిసతో కలబడుతుంది. ముంగిసకూ రేబిస్ ఉండొచ్చు కాబట్టి ఆ కలబాటు ఇద్దరికీ చెడ్డదే. కానీ కుక్క చెట్టెక్కదు, చప్పుడు చెయ్యకుండా పొంచి ఉండదు. అది వస్తున్న సంగతి దొడ్డంతటికీ తెలుస్తుంది. పిట్టలకు ఆ మాత్రం వ్యవధి చాలు. పైగా కుక్కను "వద్దు" అంటే ఆగేలా నేర్పవచ్చు. పిల్లికి ఆ మాట నేర్పినవాళ్లను నేను చూడలేదు.

పాముల భయంతో కుక్కనో పిల్లినో తెచ్చుకుంటామనేవాళ్లకు ఒక మాట. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పాముకాటును రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది, ఇది ఉత్త భయం కాదు. అయితే కుక్క పామును చూస్తే రోమాలు నిక్కబొడుచుకుని, కట్టెలమోపు ముందు నిలబడి అదేపనిగా మొరుగుతుంది. మనకు హెచ్చరిక దొరుకుతుంది, మూతి మీద కాటు మాత్రం దానికి పడొచ్చు. పిల్లి చిన్న పాముల్ని చంపుతుంది గానీ సగం చచ్చినదాన్ని మంచం కిందికి తెచ్చే గుణం కూడా దానిదే. ఇక కట్లపాము రాత్రి చప్పుడు లేకుండా వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. దాన్ని ఏ పెంపుడు జంతువూ నమ్మకంగా ఆపలేదు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపడమే దానికి మందు. తెల్లవారుజామున కారణం లేకుండా కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే మంత్రగాడి దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఇక మూడో దారి, ఏదీ పెంచకపోవడం. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, నాకు మాత్రం ఇది గౌరవమైన దారి. ఎలుకల్ని తినే పని జెర్రిపోతు, గుడ్లగూబ, ముంగిస జీతం లేకుండా చేస్తున్నాయి. జెర్రిపోతుకు విషం లేదు. తోకతో కొడితే ఒళ్లు ఎండిపోతుందన్నది అబద్ధం. రెండు పాములు పెనవేసుకుని లేస్తే నాగుపాము, జెర్రిపోతు జతకట్టాయంటారు. తరచు అవి ఆడపాము కోసం బలం చూసుకునే రెండు మగ జెర్రిపోతులు. కర్రతో వెళ్లకండి, కాసేపటికి అవే పోతాయి. వాటిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ దారి ఎంచుకున్నవాళ్లు బియ్యం మూత బిగిసే రేకు డ్రమ్ముల్లో పోసుకోవాలి. తూములకూ కిటికీలకూ సన్నకన్ను జాలీ కొట్టాలి, పెన్సిలు పట్టేంత సందులోంచి చుంచు దూరుతుంది. కట్టెలు, పెంకుల కుప్ప గోడకు ఆనించకుండా దూరంగా వెయ్యాలి. ఎలుకల మందు మాత్రం పెట్టకూడదు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ ఆరుబయటికొస్తుంది. దాన్ని గుడ్లగూబ తింటుంది, పక్కింటి పిల్లి తింటుంది, ఆ విషం వాటికీ ఎక్కుతుంది. మనకు కాపలా కాసేవాటిని మనమే చంపుకున్నట్టవుతుంది. మందు పెట్టే ఇంట్లో కుక్కా పిల్లీ ఏదీ పెంచకండి.

ఇప్పటికే పిల్లి ఉన్నవాళ్లు దాన్ని ఎక్కడో వదిలేసి రావద్దు, అంతకంటే అన్యాయం లేదు. ఐదారు నెలలకే అది చూలు కట్టగలదు, రెండు నెలలు మోస్తే చాలు, కాబట్టి ముందు పశువుల ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించండి. దీపాలు పెట్టే వేళకు లోపలికి పిలిచి తిండి పెట్టడం అలవాటు చేస్తే ఆ వేళకు అదే వస్తుంది, తెల్లారి ఎండ వచ్చేదాకా తలుపు తియ్యకండి. మార్చి నుంచి ఆగస్టు దాకా గూళ్ల కాలం. అప్పుడు పగలు కూడా, వీలైతే వెనక వరండాకు జాలీ కొట్టించి అందులోనే ఉంచండి. గూడున్న చెట్టు మొదలుకు మనిషి ఛాతీ ఎత్తులో నున్నటి రేకు పట్టీ చుడితే పిల్లి ఎక్కలేదు, రేకు పక్కన ఆనుకునే కొమ్మలు, గోడలు లేకుండా మాత్రం చూసుకోవాలి.