సీడీ4 యాంటీబాడీ కొనేవారికి: ఆర్‌పీఏ-టీ4 క్లోన్‌పై సమీక్ష

ఫ్లో సైటోమెట్రీలో (కణాలకు మెరిసే రంగు పట్టించి, లేజర్ కాంతిలో ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతిలో) సహాయక టీ కణాలను లెక్కించడానికి, వాటి మీద ఉండే సీడీ4 ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ కొనేటప్పుడు చాలామంది ముందు కంపెనీ పేరు, ఆ తర్వాత ధర చూస్తారు. నా ఉద్దేశంలో వాటన్నిటికంటే ముందు చూడవలసినది వయల్ మీద చిన్న అక్షరాలలో ఉండే క్లోన్ పేరు, అంటే ఆ యాంటీబాడీని తయారుచేసే కణవంశం పేరు.

మా ప్రయోగశాలలో ఎక్కువగా వాడేది పీఈ (ఫైకోఎరిత్రిన్) అనే మెరిసే రంగు జతచేసిన ఆర్‌పీఏ-టీ4 క్లోన్. ఫైకాల్ అనే ద్రావణంతో వేరుచేసిన రక్తకణాలకు దీన్ని పట్టించినప్పుడు సహాయక టీ కణాలు ఎంతో ప్రకాశవంతంగా, మిగిలిన లింఫోసైట్లకు దూరంగా ఒక గుంపుగా కనిపిస్తాయి. మోనోసైట్లనే మరో రకం తెల్లరక్తకణాల మీద కూడా సీడీ4 కొద్దిగా ఉంటుంది కాబట్టి అవి మధ్యలో మసకగా వస్తాయి. ఆ మసక గుంపు కూడా స్పష్టంగా తెలియడం ఈ యాంటీబాడీ నాణ్యతకు మంచి రుజువు. అయితే టీ కణాలన్నిటి మీదా ఉండే సీడీ3 ప్రోటీన్‌ను గుర్తించే యాంటీబాడీ తోడు లేకుండా సీడీ4 ఒక్కదానితో లెక్క తేల్చడం సరికాదు.

సీడీ4 ప్రోటీన్‌లో కణం వెలుపల ఉండే భాగం డీ1 నుంచి డీ4 వరకు నాలుగు ఖండాలుగా ఉంటుంది. ఆర్‌పీఏ-టీ4 డీ1కి అతుక్కుంటుంది. హెచ్‌ఐవీ తన జీపీ120 ప్రోటీన్‌తో పట్టుకునేది కూడా డీ1నే కాబట్టి, వైరస్ సోకించే ప్రయోగంలో ఈ క్లోన్‌ను ముందుగా కలిపితే వైరస్ దారే మూసుకుపోతుంది. ఎస్‌కే3 అనే మరో సీడీ4 క్లోన్ విషయమూ ఇంతే. అలాంటి పనికి డీ3కి అతుక్కునే ఓకేటీ4 క్లోన్ తగినది. కానీ 1979 నుంచి వాడుకలో ఉన్న ఆ పాత క్లోన్‌కు కూడా ఒక చిక్కు ఉంది. కొందరిలో, ముఖ్యంగా ఆఫ్రికా మూలాలున్న కొందరిలో, జన్యు భేదం వల్ల ఓకేటీ4 అతుక్కునే చోటు మారిపోతుంది. అప్పుడు సీడీ4 కణాలు మామూలుగానే ఉన్నా అసలు లేనట్టు ఫలితం వస్తుంది. దాతల వివరాలు తెలియని నమూనాలతో పనిచేసేవారు ఆర్‌పీఏ-టీ4 ఎంచుకోవడమే క్షేమమని నేను గట్టిగా చెబుతాను.

కంపెనీలు సాధారణంగా 100 మైక్రోలీటర్లలోని 10 లక్షల కణాలకు 5 మైక్రోలీటర్లు వాడమంటాయి. సగానికి సగం తగ్గిస్తూ టైట్రేషన్ చేసి చూస్తే మాకు అంతకంటే తక్కువే సరిపోయింది, పైగా నేపథ్య కాంతి (సీడీ4 లేని కణాల నుంచి వచ్చే అనవసరపు మెరుపు) కూడా తగ్గింది. దిగుమతి ధరలు భరించే మన ప్రయోగశాలలకు ఈ ఒక్క పూట శ్రమ ఎంతో ఆదా చేస్తుంది. వయల్‌ను వెలుతురు తగలకుండా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. బతికున్న కణాలను పెంచే ప్రయోగాలకైతే సోడియం అజైడ్ (కణాలకు హానిచేసే నిల్వ రసాయనం) లేని రకాన్ని అడిగి తెప్పించుకోవాలి.

ఇదే క్లోన్ పీఈ-సై7 (పీఈకి సై7 అనే మరో రంగు కలిపినది) రంగుతోనూ దొరుకుతుంది గాని, నేను దాన్ని అంతగా సిఫారసు చేయను. వెలుతురు సోకినా, ఫార్మాల్డిహైడ్‌లో ఎక్కువసేపు ఉన్నా ఈ జంట రంగు విడిపోయి, పీఈ కాంతిని కొలిచే మార్గంలో నిజంగా లేని సంకేతాన్ని పుట్టిస్తుంది. ప్యానెల్‌లో (ఒకే నమూనాకు కలిపి వాడే యాంటీబాడీల సమూహంలో) పీఈ వేరొక ప్రోటీన్‌కు కేటాయించి ఉంటే ఆ పొరపాటును పట్టుకోవడం కష్టం. తప్పనిసరై కొంటే, ప్రతి కొత్త లాట్‌కూ (తయారీ విడతకూ) కాంపెన్సేషన్ కంట్రోల్‌ను (ఒక రంగు కాంతి మరో మార్గంలోకి ఎంత చిందుతుందో సరిచేసే నమూనాను) అదే వయల్‌లోని యాంటీబాడీతో మళ్లీ తయారు చేసుకోవాలి.