లోపలికి వెళ్తే హాయే, వెళ్లడమే కష్టం

ఫొటోలు దిద్దే ఈ ప్రోగ్రాంను ఏళ్లుగా వాడుతున్నాను. రంగులు సరిచేయడంలో, పాత ఫొటోల మీది గీతలు చెరపడంలో, వందల ఫైళ్లను ఒకేసారి మార్చడంలో దానికి వంక పెట్టలేను. పనితనానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఇన్‌స్టాలేషన్‌కు ఒకటి, అదీ మొహమాటానికి.

డౌన్‌లోడ్ నొక్కితే వచ్చేది బుల్లి ఫైలు. దాన్ని నడిపాకే అసలు సరుకు దిగడం మొదలవుతుంది. నడుమ నెట్ పోతే మళ్లీ మొదటికే. పూర్తి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ లేకపోలేదు, సహాయ పేజీల అట్టడుగున ఉంది. ఆ తర్వాత ‘సిఫార్సు చేసినది’, ‘కస్టమ్’ అని రెండు దారులు. సిఫార్సు ఎవరి మేలు కోరి చేశారో కస్టమ్ తెరిస్తే తెలుస్తుంది: కంప్యూటర్ ఆన్ కాగానే లేచి కూర్చునే సహాయక ప్రోగ్రాం, వాడకం వివరాలు కంపెనీకి పంపే అనుమతి, అన్నిటికీ ముందే టిక్కులు పెట్టి ఉంటాయి.

ఒక అప్‌డేట్ 1603 అనే లోపం చూపి ఆగిపోయింది. విండోస్ ఇన్‌స్టాలర్ భాషలో దాని అర్థం ఏదో ఘోరం జరిగిందని, అంతే. ఫోల్డరుకు అనుమతి లేకపోయినా అదే అంకె, పాత వెర్షన్ ముక్కలు మిగిలిపోయినా అదే. 1618 ఎంతో నయం, మరో ఇన్‌స్టాలేషన్ నడుస్తోందని చెబుతుంది. కంపెనీ సహాయకులు రీస్టార్ట్ చేయమనడం దాటి ముందుకు రాలేదు. చివరికి ఇన్‌స్టాలేషన్‌లో జరిగే ప్రతిదీ నమోదయ్యే లాగ్ ఫైలు రాయించి, విఫలమైన చోటును సూచించే ‘రిటర్న్ వాల్యూ 3’ అని వెతికితే దానికి కాస్త పైన కారణం దొరికింది: సగమే తొలగిన పాత రన్‌టైమ్, అంటే ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన తోడు సాఫ్ట్‌వేర్.

అన్నిటికంటే విసిగించేది లైసెన్స్ ఒప్పందం. పెద్దది చేయడానికి వీల్లేని పెట్టెలో పేజీల కొద్దీ షరతులు. ప్రోగ్రాంను అమ్మలేదు, వాడుకునే హక్కు మాత్రమే ఇచ్చాం. నష్టం ఎంత జరిగినా మీరు కట్టిన ధరకు మించి మా పూచీ లేదు. ఇలాంటివి మామూలే, వాటితో పేచీ లేదు. కానీ ప్రతి పెద్ద అప్‌డేట్‌కూ అదే పెట్టె మళ్లీ ఎదురవుతుంది, ఏం మారిందో చెప్పరు. సవరించిన ప్రతి చిన్న లోపాన్నీ జాబితా వేసే సంస్థకు, మార్చిన షరతును చూపడానికి చేతులు రావు. స్థిమితంగా చదువుకోదగ్గ ఒప్పందం కాపీ, ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరులో ఉంటుంది, అంటే సమ్మతి తెలిపాకే. పాత ప్రతులు దాచి పోల్చి చూస్తుంటాను. చాలాసార్లు తేదీ తప్ప తేడా ఉండదు. ఒకసారి మాత్రం ఒక్క లైసెన్స్‌తో వాడదగ్గ కంప్యూటర్లు మూడు నుంచి రెండయ్యాయి.

అమెరికాలో 1996 నాటి ప్రోసీడీ, జైడెన్‌బర్గ్ కేసులో ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, కొన్న తర్వాత కంటబడే షరతులూ చెల్లుతాయంది. నచ్చకపోతే సరుకు వాపసు చేసే వీలుండటం ఆ తీర్పుకు ముఖ్యమైన ఆధారం. ఈ ప్రోగ్రాం విషయంలోనేమో, కొన్నప్పుడు ఇచ్చే లైసెన్స్ కీ (కోడ్) తెరిస్తే డబ్బు వాపసు లేదు. కీ కొట్టనిదే ఒప్పందం కనబడదు! స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వాడే జీపీఎల్ లైసెన్స్ 2007 నాటి మూడో వెర్షన్ అయితే, ప్రోగ్రాంను పొందడానికీ నడపడానికీ మీ సమ్మతే అక్కర్లేదని తానే చెబుతుంది. విచిత్రంగా, ఆ లైసెన్స్ ఉన్న ప్రోగ్రాంల సెటప్పులు కూడా కొన్ని ‘అంగీకరిస్తున్నాను’ నొక్కనిదే కదలవు.

దీనికి సాటి వచ్చేది దొరకక ఇప్పటికీ ఇదే వాడుతున్నాను. కొనేవారు ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ వెతికి దించుకోండి. కంప్యూటర్ మార్చే ముందు ప్రోగ్రాం లోపలి నుంచే డీయాక్టివేట్ చేయండి. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పాత యంత్రం లెక్కలోనే ఉండిపోతుంది, ఉన్న రెండింటిలో ఒకటి అలా పోతుంది.