అడ్డా కూలీలా, యూనియన్ జట్టా?

విజయవాడ పటమట వైపు అపార్ట్‌మెంట్ వైరింగ్ పట్టిన కాంట్రాక్టరుకు అడ్డా కూలీలతో ఒకటే లాభం: పని లేని రోజు ఖర్చుండదు. కానీ స్లాబులో పైపులు వేసినవాడొకడు, వైరు లాగేవాడింకొకడు. బెండు (పైపు వంపు) ఎక్కడుందో తెలియక వైరు ఇరుక్కుంటుంది, గోడ పగలగొట్టాలి. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) జాయింటు వదులుగా వదిలేసి పోయినవాణ్ణి, బోర్డు కాలాక ఎక్కడ పట్టుకుంటాం? సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారో రారో!

ఎలక్ట్రీషియన్ల యూనియన్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటే కూలి ఎక్కువే. అయితే గడువు తీరేదాకా రేటు మారదు గనక టెండరు లెక్క ధైర్యంగా వేయొచ్చు. ఓవర్‌టైమ్, భద్రతా చేతి తొడుగులు, ఫిర్యాదు ఎవరు వినాలి అన్నవీ అందులోనే రాసుకోవాలి. 10 మంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఎలాగూ తప్పదు: నెలకు 21,000 రూపాయల వరకు జీతాలపై యజమాని వాటా 3.25 శాతం.

ఇద్దరితో ఇంటి రిపేర్లు చేసుకునేవాళ్లకు మాత్రం అడ్డానే నయం.