త్రీ నాట్ త్రీకి చిలక్కొయ్య: ఏడేళ్ల వాడకం తర్వాత

హ్యూస్టన్ శివార్లలో మా ఇంట్లో హాలు గోడ మీద రెండు పాత రైఫిళ్లు ఉన్నాయి. వాటిని మోయడానికి 2018 నుంచి ఇప్పటిదాకా మూడు రకాల చెక్క హ్యాంగర్లు నా చేత్తోనే చేశాను. మొదటిది ఐదు నెలలు ఆగింది. రెండోది ఏడాదిన్నర. మూడోదానికి ఐదేళ్లు దాటింది, ఇంకా గోడ మీదే ఉంది. పాత చెక్కతో, మోటుగా, పల్లెటూరి ఇంట్లో వస్తువులా కనిపించే హ్యాంగర్ చేసుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

ముందు రైఫిల్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పనంతా దానికోసమే. అది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3. మనవాళ్లు త్రీ నాట్ త్రీ అంటారు. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. బట్, అంటే భుజానికి ఆనించే చెక్క, మొదట్లో ఉండే ఇనుప భాగం మీద కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. అక్షరాలు, ఊరి పేరు, 1942 అని చెక్కి ఉంటాయి. మా నాన్న కర్నూలులో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్. ఆయన ఉద్యోగంలో చాలా భాగం ఇదే రకం రైఫిల్ భుజాన వేసుకుని గడిచింది. మిగులు సరుకుగా అమెరికా వచ్చినదాన్ని దుకాణంలో చూసినప్పుడు కొనకుండా రాలేకపోయాను. రెండోది వించెస్టర్ మోడల్ 94, లివర్ లాగితే గుండు ఎక్కే రకం. టెక్సస్‌లో దీన్ని చూడని ముసలాయన ఉండడు.

మొదటి హ్యాంగర్ ప్యాలెట్ చెక్కతో చేశాను. సరుకులు దించాక పారేసే ప్యాలెట్‌లో ఓక్ పలకలు దొరికాయి. వాటి మీద హెచ్.టి. ముద్ర ఉంది. వేడి చేసి పురుగులు చంపారని దాని అర్థం. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు, అలాంటిది ఇంట్లోకి తేకూడదు. అంతవరకు జాగ్రత్తగానే చేశాను. తప్పంతా గోడ దగ్గర జరిగింది. అమెరికా ఇళ్ల గోడ మన ఇటుక గోడ లాంటిది కాదు. పైన అరంగుళం జిప్సం అట్ట, దాని వెనక 16 అంగుళాలకొకటి నిలువు చెక్క దిమ్మెలు ఉంటాయి, వాటిని స్టడ్స్ అంటారు. నేను ఒక చివర స్క్రూ స్టడ్‌లోకి దించి, రెండో చివర నచ్చిన చోట జిప్సంలో స్క్రూను పట్టుకునే ప్లాస్టిక్ యాంకర్ పెట్టాను. ఐదో నెలలో ఒక రాత్రి పెద్ద చప్పుడైంది. యాంకర్ జిప్సంతో సహా ఊడి వచ్చింది, రైఫిల్ ఒక పక్కకు వాలి రెండో కొయ్యకు ఆనుకుని ఆగింది. కిందపడి ఉంటే ఎనభై ఏళ్ల నాటి బట్ పగిలిపోయేది. ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు.

దాన్ని దించి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. పలక వెనక సన్నటి చిల్లులు, కింద గోధుమపిండి లాంటి పొడి. పుచ్చు పట్టింది. వేడి చేయడం వల్ల అప్పుడున్న పురుగు చస్తుందంతే, తర్వాత కొత్తది రాకుండా ఆపదు. ఆ పలకలు నా షెడ్‌లో ఆరు నెలలు పడున్నాయి మరి. పాత గాదెల నుంచి ఊడదీసిన చెక్క కొనేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. దాంతోపాటు పాత రంగు ఉందేమో కూడా చూడాలి. ఇళ్ల రంగుల్లో సీసం వాడకాన్ని ఇక్కడ 1978లో నిషేధించారు. అంతకు ముందు రంగు వేసిన పలక అయితే గీకకండి, ఇసుక కాగితం పెట్టకండి.

రెండోది గుర్రపు నాడాలతో చేశాను. పాత నాడాలను గుర్రాలకు నాడాలు కొట్టే ఒకాయన చేత వంపు తిప్పించి, దేవదారు పలకకు బిగించి, రైఫిల్‌కు గీతలు పడకుండా లోపల మందపాటి తోలు అంటించాను. చూడ్డానికి ఇంతకంటే అందమైన హ్యాంగర్ నేను చేయలేదు. వచ్చిన ప్రతివాళ్లూ ఫోటో తీసుకున్నారు. నేను కూడా ఏడాదిపాటు మురిసిపోయాను. ఆ తర్వాత ఒకరోజు వించెస్టర్‌ను దించితే, బ్యారెల్ కింద గొట్టంలా ఉండే మ్యాగజైన్ మీద తోలు ఆనిన చోట సరిగ్గా అంగుళం వెడల్పున ఎర్రగా తుప్పు.

కారణం తోలులోనే ఉంది. చెట్ల బెరడుతో పదును చేసిన తోలులో ఆమ్లాలు, లవణాలు మిగిలి ఉంటాయి. అది గాలిలో తేమ పీల్చి పట్టుకుంటుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లో ఇనుముకు తోలు కట్టి ఉంచడమంటే తడిగుడ్డ చుట్టినట్టే. త్రీ నాట్ త్రీకి ఇంత నష్టం జరగలేదు. దాని చెక్క గొట్టం చివరిదాకా బ్యారెల్‌ను కప్పుతుంది కాబట్టి ముందు కొక్కేనికి తగిలేది చెక్కే. ట్రిగ్గర్ గార్డ్ తోక మాత్రం కొద్దిగా మచ్చపడింది. వించెస్టర్‌కు ముందు చెక్క సగందాకానే ఉంటుంది, నేను కొక్కెం చెక్క దాటి ఇనుము కింద పెట్టాను. కాబట్టి హ్యాంగర్ కొలతలు తీసేముందు మీ రైఫిల్‌లో చెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో తడిమి చూసుకోండి. కొయ్య చెక్క కిందే రావాలి.

ఓక్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఓక్ నుంచి ఆమ్లపు ఆవిరి వస్తూనే ఉంటుంది. లోహపు వస్తువులకు ఓక్ పెట్టెలు పనికిరావని మ్యూజియంల వాళ్లు అందుకే అంటారు. తలుపుల్లేని గోడ పలకకు అంత ప్రమాదం లేదు గానీ, ఇనుము నేరుగా తగిలే కొయ్యకు ఓక్ వాడకండి.

ఇక మూడోది. 2020 చివర్లో శాన్ ఆంటోనియో వైపు వెళ్లినప్పుడు ఒక కోత మిల్లులో మెస్కీట్ అనే చెట్టు పలక కనిపించింది. ముళ్లు, ఆకు, కాయ అడిగి ఫోటోలు చూస్తే మన ఊరి సర్కారు తుమ్మ గుర్తొచ్చింది. నిజంగానే రెండూ దగ్గరి బంధువులైన చెట్లు. అనంతపురం, కర్నూలు దారుల్లో కంపలా పెరిగి, బొగ్గు కాల్చడానికి తప్ప దేనికీ పనికిరాదని మనం తిట్టుకునే చెట్టు అన్నదమ్ములే ఇక్కడ ఖరీదైన ఫర్నిచర్ అవుతున్నాయి. ఈ చెక్క గొప్పతనం ఏమిటంటే, తేమ పెరిగినా తగ్గినా చాలా తక్కువగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. నిలువు అడ్డం తేడా లేకుండా దాదాపు సమానంగా కదులుతుంది కాబట్టి పలక మెలితిరగదు. ఐదేళ్లలో మా పలక మీద నిలువు గీత బద్ద పెట్టి చూస్తే వెలుతురు సందు కనిపించలేదు.

పలక 36 అంగుళాల పొడవు, 14 వెడల్పు, అంగుళమున్నర మందం. దాని బరువే 10 కిలోలు ఉంటుంది. రైఫిళ్లు రెండూ కలిసి ఇంకో ఏడు. ఈసారి మూడు స్టడ్స్‌కు ఆరు స్క్రూలు, ఒక్కోటి మూడున్నర అంగుళాలు. లెక్క సులువే: పలకలో ఒకటిన్నర, జిప్సంలో అర, స్టడ్‌లో ఒకటిన్నర. స్టడ్‌లోకి ఒకటిన్నర అంగుళం దిగకపోతే నేను ఒప్పుకోను. ముందుగా సన్నటి చిల్లు వేయకుండా స్క్రూ తిప్పితే మెస్కీట్ చీలుతుంది, లేదా స్క్రూ తలే తెగుతుంది. నావి రెండు తెగాయి.

కొయ్యల ఆకారం కోసం చాలారోజులు ఆలోచించాను. చివరికి మా అమ్మమ్మగారింట్లో దూలం కింద ఉండే చిలక్కొయ్య గుర్తొచ్చింది. తాతయ్య తలపాగా, గొడుగు దానికే వేలాడేవి. చిలక ముక్కు పైకి తిరిగి ఉంటుంది, అందుకే తగిలించింది జారదు. అదే ఆకారం తీసుకున్నాను. మెస్కీట్ ముక్కలనే ఉలితో చెక్కి, మొదలు అంగుళం గుండ్రంగా చేసి, పలకలో అంగుళం చిల్లులోకి దించి, వెనక నుంచి చీల కొట్టాను. చిల్లు వేసేటప్పుడే ఐదారు డిగ్రీలు పైకి వాలు ఇచ్చాను. జిగురు ఒక్క చుక్క వాడలేదు. ఐదేళ్లలో ఒక్క కొయ్య కూడా వదులు కాలేదు. నేను చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

కొయ్య మీద మెత్తకు రబ్బరు వద్దు. రబ్బరులో ఉండే గంధకం ఇనుము రంగును తినేస్తుంది. కొక్కేలకు తొడిగే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ చెక్క పాలిష్‌కు అతుక్కుంటుంది. నేను పల్చటి పాలిథిలిన్ ఫోమ్ ముక్క చుట్టి, పైన రంగు వేయని నూలు గుడ్డ కట్టాను. గుడ్డను ఏటా మారుస్తాను.

పలకకు పూత అవిసె నూనె. లీ ఎన్‌ఫీల్డ్ చెక్కకు కూడా సైన్యంలో పూసింది అవిసె నూనే, కాబట్టి రెండూ పక్కపక్కన ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తాయి. మూడు పల్చటి పూతలు వేసి, గ్యారేజీలో మూడు వారాలు ఆరనిచ్చాకే గోడకెక్కించాను. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడేదాకా ఆరనివ్వండి.

లోపాలు లేకపోలేదు. అందంగా ఉంటుందని పలక అంచున బెరడు ఉంచేశాను. ఏడాది తిరిగేసరికి అది పెచ్చులుగా రాలడం మొదలైంది, సోఫా వెనక రోజూ చెత్త. చివరికి గోడ మీదే ఉలితో మొత్తం తీసేశాను. బెరడు కిందే పురుగు చేరుతుంది కాబట్టి మొదట్లోనే తీసేయాల్సింది. ఇంకోటి, మెస్కీట్ వెలుతురుకు రంగు ముదురుతుంది. లేత గోధుమ రంగులో ఉన్న పలక ఇప్పుడు ఎర్రటి బెల్లం రంగుకొచ్చింది. రైఫిల్ దించినప్పుడల్లా దాని వెనక అదే ఆకారంలో లేత నీడ కనిపిస్తుంది. నాకది నచ్చింది. మీకు నచ్చకపోతే మొదటి ఆరు నెలలు పలకను ఖాళీగా ఎండపొడలో పెట్టండి.

తేమ సంగతి. మొదట్లో హ్యాంగర్ బయటి గోడకు, ఏసీ గాలి పడేచోట ఉండేది. ఇప్పుడు ఇంటి మధ్య గోడకు మార్చాను. పక్కన చిన్న తేమ మీటరు పెట్టాను, 50 శాతం దాటకుండా చూసుకుంటాను. అయినా 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చి మా వీధిలో ఆరు రోజులు కరెంటు పోయింది. ఏసీ లేదు, ఇల్లంతా చెమ్మ. నాలుగోరోజు చూస్తే వించెస్టర్ లివర్ మీద ఎర్రటి పొర. త్రీ నాట్ త్రీకి మాత్రం ఏమీ కాలేదు, దానికి అంతకు నెల ముందే మైనం పట్టించాను. బ్రిటిష్ మ్యూజియంలో తయారుచేసిన రెనైజాన్స్ వ్యాక్స్ అనే ఆ మైనం చిన్న డబ్బా ఏళ్లతరబడి వస్తుంది. అప్పటినుంచి రెండింటికీ పూస్తున్నాను. కరెంటు పోయి ఒక పూట దాటితే దించి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న పెట్టెలో పెట్టేస్తున్నాను.

చేతి చెమట కూడా తక్కువేం కాదు. నాన్న 2022లో వచ్చినప్పుడు గోడ ముందు నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత బొటనవేలితో బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప కడ్డీ) జారే చోట నెమ్మదిగా రాసి, "దీని బరువు నా భుజానికి ఇంకా గుర్తుందిరా" అన్నారు. వారం తర్వాత అక్కడ ఆయన వేలిముద్ర తుప్పుగా తేలింది. తుడవబుద్ధి కాలేదు. అయినా నూనె పెట్టి తుడిచాను. జాగ్రత్తగా చూస్తే ఇంకా లీలగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. గోడ మీదున్నది ఎప్పుడూ ఖాళీ రైఫిలే. తూటాలు వేరే గదిలో, తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. త్రీ నాట్ త్రీ బోల్ట్ తీసి బీరువాలో పెట్టాను. బోల్ట్ పిడి మీద రైఫిల్ నంబరే ఉంటుంది, చీటీ కట్టి ఉంచితే పోదు. వించెస్టర్‌కు బోల్ట్ అంత తేలిగ్గా రాదు కాబట్టి ప్లాస్టిక్ తొడుగున్న తీగ తాళం వేసి, ఆ తీగను స్టడ్‌లోకి దించిన రింగుకు బిగించాను. పండక్కి పదిమంది పిల్లలు వచ్చే ఇల్లు మాది. బోల్ట్ లేకపోతే బోసిగా ఉందని ఒకరిద్దరు అన్నారు. ఉండనివ్వండి. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్లలోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ అందేలా వదిలేయడం నేరం.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఒకటి తెలుసుకోవాలి. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీదున్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, వాటి గురించి లాయరును అడగకుండా కొనకండి. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే కొన్నాను. ఇండియాలో అయితే .303 నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద కూడా రాదు. అక్కడివాళ్లు ఈ హ్యాంగర్‌కు తాతగారి కర్రో, పాత ఈటెనో తగిలించుకోవచ్చు.

మా ఇంట్లో ఏటా మరమ్మతు దసరాకే. పోలీసు స్టేషన్లలో ఆయుధ పూజ చేసే రోజు కాబట్టి నాన్న ఫోన్ చేసి గుర్తు చేస్తారు. రెండింటినీ దించి, తుడిచి, మైనం పట్టించి, స్క్రూలు బిగించి, గుడ్డలు మారుస్తాను. మొదటి ఏడాది ఇనుము మీదే కుంకుమ పెట్టాను, ఆ తడికి మచ్చ పడింది. ఇప్పుడు బొట్టు పలకకే పెడుతున్నాను. ఈ దసరాకి వీడియో కాల్‌లో చూసి నాన్న, "ముందు కొయ్య కొంచెం కిందకుందేమో చూడు" అన్నారు. మట్టం పెట్టి చూశాను. కొయ్య సరిగానే ఉంది, దాని మీద గుడ్డ అణిగిపోయింది. కొత్త గుడ్డ కట్టాను.